రోగి మంచం పక్కనే బడి పెట్టిన వైద్యుడు
విలియం ఆస్లర్ జీవితం

మన కుటుంబాలలో ఎంతోమంది పిల్లలు వైద్యవిద్య చదువుతున్నారు. వారిలో కొందరు ఎం.బి.బి.ఎస్. చివరి సంవత్సరానికి వచ్చేసరికి అమెరికాలో రెసిడెన్సీ చేయాలన్న ఆశతో పరీక్షలకు కూర్చుంటారు. పరీక్షలతో పాటు వారికి మరో మాట కూడా వినిపిస్తూ ఉంటుంది. అది రొటేషన్. తాను చదివే కళాశాలకు చెందని మరో ఆసుపత్రికి అతిథి విద్యార్థిగా వెళ్లి, సాధారణంగా నాలుగు వారాల పాటు అక్కడి వార్డులో పనిచేసి, అక్కడి పెద్ద డాక్టర్ల కళ్ల ముందు తన శక్తిని చూపించుకోవడాన్నే ఇలా పిలుస్తారు. అమెరికన్ విద్యార్థులు కూడా తాము కోరుకున్న రెసిడెన్సీ కోసం ఇలా ఊరు గాని ఊరు వెళుతూ ఉంటారు. ఎముకల శస్త్రచికిత్స, అత్యవసర వైద్యం వంటి శాఖలలో చేరగోరేవారికి ఇది ఎంతో ముఖ్యమైనది.

రెసిడెన్సీ అనే పేరు ఎలా వచ్చింది? చదువు పూర్తికాని విద్యార్థిని రోగి దగ్గరకు పంపి బాధ్యత అప్పగించే పద్ధతిని అమెరికాలో ఎవరు స్థిరపరిచారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే సర్ విలియం ఆస్లర్ పేరు తప్పక వస్తుంది. ఆయన చనిపోయి వందేళ్లు దాటింది. అయినా నేటికీ అమెరికా వార్డులలో తెల్లకోటు వేసుకుని రోగి మంచం దగ్గర నిలబడే ప్రతి విద్యార్థీ ఆయన వేసిన బాటలోనే నడుస్తున్నాడు. ఆ బాట ఎలా పడిందో మన పిల్లలు, వారి తల్లిదండ్రులు తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాం.

అల్లరి పిల్లవాడు

ఆస్లర్ 1849 జూలై 12న కెనడాలోని బాండ్ హెడ్ అనే మారుమూల పల్లెలో పుట్టారు. తండ్రి ఫెదర్‌స్టన్ ఆస్లర్ క్రైస్తవ మతబోధకుడు. ఇంగ్లండు నుంచి వచ్చి, అడవులు కొట్టి ఊళ్లు కట్టుకుంటున్న ప్రాంతంలో గుర్రం మీద తిరుగుతూ ప్రజలకు సేవ చేసేవారు. తల్లి పేరు ఎలెన్. పెద్ద కుటుంబం, పరిమితమైన ఆదాయం. కొడుకులలో విలియమే చిన్నవాడు.

చిన్నతనంలో ఆయన చదువులో కంటే అల్లరిలోనే ముందుండేవారు. ఆ అల్లరి హద్దు మీరి ఒక బడి నుంచి ఆయనను పంపివేశారు కూడా. తరువాత చేర్పించిన బడిలో ఆయన అదృష్టం కొద్దీ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు దొరికారు. ఆయన కూడా మతబోధకుడే. అయినా పిల్లలను వెంటబెట్టుకుని చెరువుల వెంట, పొలాల వెంట తిరుగుతూ, నీటిబొట్టులో కదిలే జీవులను మైక్రోస్కోపులో చూపించేవారు. పుస్తకంలో చదవడం వేరు, కంటితో చూడడం వేరు అన్న సంగతి ఆ పిల్లవాడికి అక్కడే తెలిసివచ్చింది.

తండ్రి లాగే మతబోధకుడు కావాలన్న ఉద్దేశంతో ఆస్లర్ 1867లో టొరంటోలోని ట్రినిటీ కళాశాలలో చేరారు. ఏడాది తిరిగేసరికి మనసు మార్చుకుని వైద్యం వైపు మళ్లారు. టొరంటోలో జేమ్స్ బోవెల్ అనే వైద్యుడు ఆయనను చేరదీశారు. రెండేళ్ల తరువాత ఆస్లర్ టొరంటో వదిలి మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయానికి మారారు. మాంట్రియల్ జనరల్ హాస్పిటల్‌లో విద్యార్థులు రోగులను దగ్గరగా చూసే వీలు ఎక్కువ. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో సంప్రదాయాన్ని అనుసరించి అక్కడి వైద్యులు వార్డులోనే పాఠం చెప్పేవారు. రోగి దగ్గరకు చేరే దారి కోసం విద్యార్థి ఊరు మారడం అన్నది ఆస్లర్ జీవితంలో అలా మొదలయింది. 1872లో ఆయన మెగిల్ నుంచి ఎం.డి. పట్టా అందుకున్నారు.

పరాయి దేశపు వార్డులలో

ఆ రోజుల్లో ఉత్తర అమెరికా ఖండంలో వైద్యవిద్య పరిస్థితి దయనీయంగా ఉండేది. చాలా కళాశాలలు ఫీజుల మీద నడిచే దుకాణాల వంటివి. డిగ్రీ లేకపోయినా చేర్చుకునేవారు. కొన్ని నెలలు ఉపన్యాసాలు వినిపించి, మరుసటి ఏడాది అవే ఉపన్యాసాలు మళ్లీ వినిపించి పట్టా ఇచ్చేవారు. ఒక్క రోగినీ తాకకుండా, ఒక్క కాన్పునూ చూడకుండా డాక్టరు అయిపోయినవారు కోకొల్లలు. నిజంగా వైద్యం నేర్చుకోవాలన్న తపన ఉన్నవారు ఓడ ఎక్కి యూరప్ వెళ్లేవారు. 19వ శతాబ్దం చివరి భాగంలో ఇలా జర్మనీకి, వియన్నాకు వెళ్లిన అమెరికన్ వైద్యుల సంఖ్య వేలల్లో ఉంటుంది.

ఆస్లర్ కూడా వారి దారినే వెళ్లారు. ఖర్చుకు అన్న ఎడ్మండ్ వెయ్యి డాలర్లు ఇచ్చారు. 1872 నుంచి 1874 వరకు దాదాపు రెండేళ్లు ఆయన పరదేశంలో గడిపారు. లండన్‌లో ఏడాదికి పైగా బర్డన్ శాండర్సన్ ప్రయోగశాలలో పనిచేస్తూ, ఆసుపత్రులలో పెద్దల వెంట వార్డులు తిరిగారు. రక్తంలో ప్లేట్‌లెట్లుగా మనం నేడు పిలిచే కణాలను ఆయన అక్కడే శ్రద్ధగా పరిశీలించి వర్ణించారు. తరువాత బెర్లిన్ వెళ్లి శవపరీక్షలలో ఆరితేరిన విర్కో దగ్గర, వార్డు వైద్యంలో పేరుపొందిన ట్రౌబె, ఫ్రెరిక్స్ దగ్గర నేర్చుకున్నారు. ఆ పైన వియన్నాలో కొన్ని నెలలు ఉన్నారు.

ఈ యాత్రకు నేటి రొటేషన్ లాగా దరఖాస్తు ఫారాలు లేవు, మార్కులు లేవు, సర్టిఫికెట్లు లేవు. కాని సారం ఒక్కటే. తన ఊరిలో దొరకని విద్య కోసం పరాయి వైద్యుడి వార్డు గడపలో నిలబడడం, లోపలికి రానిస్తే కళ్లు, చెవులు తెరిచి నేర్చుకోవడం. లండన్‌లో విద్యార్థులకు క్లినికల్ క్లర్క్ అనే హోదా ఇచ్చి, రోగి చరిత్ర రాసే పని అప్పగించడం ఆయన చూశారు. జర్మన్ ఆసుపత్రులలో యువ వైద్యులు ఏళ్ల తరబడి ప్రొఫెసర్ల దగ్గర సహాయకులుగా ఉండి ఎదగడం చూశారు. ఈ రెండూ ఆయన మనసులో నాటుకున్నాయి. పదిహేనేళ్ల తరువాత ఇవే ఫలించాయి.

మశూచి వార్డు జీతం

1874లో మాంట్రియల్ తిరిగివచ్చిన ఆస్లర్‌కు మెగిల్‌లో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. మరుసటి ఏడాదే ప్రొఫెసర్ అయ్యారు. ఉపన్యాసాలు ఇవ్వడం ఆయనకు తేలికగా వచ్చేది కాదు. కాని మైక్రోస్కోపు ముందు, శవపరీక్ష బల్ల ముందు, రోగి మంచం ముందు ఆయనకు సాటి లేదు.

విద్యార్థులకు చూపించడానికి కళాశాలలో తగినన్ని మైక్రోస్కోపులు లేవు. మాంట్రియల్ జనరల్ హాస్పిటల్‌లోని మశూచి వార్డులో పనిచేయడానికి ఎవరూ ముందుకు రాని రోజులవి. ఆస్లర్ ఆ వార్డు బాధ్యత తీసుకున్నారు. ఆయనకు మశూచి సోకింది కూడా, అదృష్టవశాత్తు స్వల్పంగా పోయింది. ఆ పనికి లభించిన ఆరువందల డాలర్లను ఆయన తన కోసం దాచుకోలేదు. విద్యార్థులకు మైక్రోస్కోపులు కొన్నారు. తన ప్రాణం పణంగా పెట్టి సంపాదించిన సొమ్మును శిష్యుల చదువు కోసం ఖర్చుచేసిన గురువు ఆయన.

1878లో ఆసుపత్రి వైద్యుడిగా వార్డులు చేతికి వచ్చాయి. 1884లో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనను పిలిచింది. అక్కడి ప్రొఫెసర్లు దర్జాగా బగ్గీలో వచ్చి, ఉపన్యాసం ఇచ్చి వెళ్లిపోయేవారు. కొత్తగా వచ్చిన ఈ ప్రొఫెసర్ అలా కాదు. విద్యార్థులను వెంటబెట్టుకుని వార్డుకు నడిచేవారు. పేదల ఆసుపత్రిలో గంటల తరబడి శవపరీక్షలు చేసి, బతికుండగా తాము అనుకున్నది ఎంతవరకు నిజమో, ఎక్కడ పొరబడ్డామో విద్యార్థుల ముందే తేల్చుకునేవారు.

ఆయన నిజాయితీకి ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. మలేరియా రోగి రక్తంలో ఒక పరాన్నజీవి ఉందని 1880లో ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ కనుగొన్నారు. ఆస్లర్ మొదట దానిని నమ్మలేదు. నమ్మలేదని ఊరుకోకుండా రోగుల రక్తం తీసి తానే మైక్రోస్కోపు కింద చూశారు. చూసిన తరువాత లావెరాన్ మాటే నిజమని బహిరంగంగా ఒప్పుకున్నారు.

బాల్టిమోర్‌లో కొత్త పద్ధతి

1889 మే నెలలో బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ప్రారంభమైంది. జాన్స్ హాప్కిన్స్ అనే వ్యాపారి వదిలివెళ్లిన ఆస్తితో కట్టిన ఆసుపత్రి అది. వైద్య విభాగానికి అధిపతిగా ఆస్లర్ వచ్చారు. శస్త్రచికిత్సకు హాల్‌స్టెడ్, రోగనిర్ధారణ శాస్త్రానికి వెల్చ్, స్త్రీల వ్యాధులకు కెల్లీ. ఈ నలుగురూ కలిసి అమెరికా వైద్యవిద్య రూపురేఖలే మార్చివేశారు.

ఆస్లర్ చేసిన మొదటి పని యువ వైద్యుల వ్యవస్థను కట్టుదిట్టం చేయడం. పట్టా పొందినవారిని ఇంటర్న్‌లుగా తీసుకుని, వారిలో సమర్థులను పై మెట్టుకు ఎక్కించి, అందరి పైన ఒక ప్రధాన రెసిడెంట్‌ను నియమించారు. వారంతా ఆసుపత్రి భవనంలోనే నివసించాలి. రాత్రి, పగలు అన్న తేడా లేదు. పెళ్లి ప్రసక్తి లేదు. ఇన్నేళ్లలో పూర్తవుతుందన్న గడువు కూడా లేదు. ఆసుపత్రిలోనే నివాసం కనుక రెసిడెంట్ అన్న పేరు వచ్చింది. మొదటి ప్రధాన రెసిడెంట్ లాఫ్లూర్. ఆయన తరువాత వచ్చిన థేయర్ ఏడేళ్ల పాటు ఆ బాధ్యతలో ఉన్నారు.

రెండవ పని ఇంకా పెద్దది. ఆసుపత్రి తెరిచినా, డబ్బు చాలక వైద్య కళాశాల నాలుగేళ్ల పాటు తెరుచుకోలేదు. ఐదు లక్షల డాలర్ల నిధి కావలసివచ్చింది. అప్పుడు మేరీ గారెట్ అనే సంపన్న మహిళ, ఆమె స్నేహితురాళ్లు ముందుకు వచ్చారు. నిధిలో అధికభాగం గారెట్ ఒక్కరే ఇచ్చారు. అయితే షరతులు పెట్టారు. పురుషులతో సమానంగా స్త్రీలను చేర్చుకోవాలి. చేరేవారికి డిగ్రీ ఉండాలి, సైన్సులో పునాది ఉండాలి, ఫ్రెంచ్, జర్మన్ భాషలు వచ్చి ఉండాలి. యాజమాన్యం తటపటాయించి చివరికి ఒప్పుకుంది. 1893లో కళాశాల తెరిచినప్పుడు చేరిన 18 మందిలో ముగ్గురు స్త్రీలు ఉన్నారు. ఆడపిల్లల వైద్యవిద్య గురించి ఆలోచించే మన కుటుంబాలు గుర్తుంచుకోదగిన విషయం ఇది. ఆ తలుపు దానంతట అది తెరుచుకోలేదు, పట్టుబట్టి తెరిపించినవారు ఉన్నారు.

ఆ విద్యార్థులు పై తరగతులకు వచ్చేసరికి ఆస్లర్ తన పద్ధతిని అమలు చేశారు. మూడో సంవత్సరంలో ఓ.పీ.లో రోగిని ప్రశ్నించడం, చేతితో తాకి చూడడం, గుండె, ఊపిరితిత్తుల శబ్దాలు వినడం నేర్చుకోవాలి. నాలుగో సంవత్సరంలో తరగతిని భాగాలుగా విభజించి, ఒక్కో భాగాన్ని వంతులవారీగా వైద్యం, శస్త్రచికిత్స, స్త్రీల వ్యాధులు, ప్రసూతి వార్డులకు పంపేవారు. నేడు రొటేషన్ అంటున్నది ఈ వంతులనే. వార్డులో ప్రతి విద్యార్థికీ కొన్ని మంచాలు అప్పగించేవారు. ఆ మంచాల మీది రోగుల కథ విని రాయడం, పరీక్షించడం, రక్తం, మూత్రం తానే పరీక్ష చేయడం, రోజూ వారి పరిస్థితిని నమోదు చేయడం ఆ విద్యార్థి పని. ఆస్లర్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు మంచం పక్కన నిలబడి వివరాలు చెప్పవలసింది కూడా ఆ విద్యార్థే. తప్పు చెబితే ఆస్లర్ సరిదిద్దేవారు గాని రోగి ముందు చులకన చేసేవారు కాదు.

ఇక్కడ అసలు మార్పు ఏమిటో గమనించాలి. అంతకు ముందు విద్యార్థి ప్రేక్షకుడు. గ్యాలరీలో కూర్చుని దూరం నుంచి చూసేవాడు. ఆస్లర్ వార్డులో విద్యార్థి ఆసుపత్రి పనిలో భాగస్వామి అయ్యాడు. అతను రాకపోతే ఆ రోజు పని ఆగిపోతుంది. అతను రాసింది తప్పయితే రోగికి నష్టం జరుగుతుంది. ఈ బాధ్యతే విద్యార్థిని వైద్యుడిగా మారుస్తుందని ఆస్లర్ నమ్మారు. తాను జీవితంలో చేసిన పనులన్నిటిలో విద్యార్థులకు వార్డులో చదువు చెప్పడమే గొప్పదని, తన సమాధి మీద అంతకు మించి మరేమీ రాయనక్కరలేదని ఆయన తరువాతి కాలంలో అన్నారు.

ఈ నమ్మకం త్వరలోనే ఫలించింది. బాల్టిమోర్‌లో ఏ జ్వరం టైఫాయిడో, ఏది మలేరియానో తేలక రెండింటినీ కలగలిపి వైద్యం చేసే రోజులలో, ఆస్లర్ వార్డులో ప్రతి జ్వర రోగి రక్తమూ పరీక్షించి ఆ రెంటినీ విడదీశారు. అక్కడ తయారైన తొలి బృందం 1897లో బయటికి వచ్చింది. వారిలో మెకల్లం, ఓపీ అనే ఇద్దరు పక్షుల రక్తంలోని మలేరియా జాతి పరాన్నజీవులను పరిశీలించారు. అవి సంయోగం చెందే దశను మెకల్లం ఆ సంవత్సరమే వర్ణించారు. సరిగ్గా అదే 1897లో, ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నారు. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ అది. ఎక్కడి బాల్టిమోర్, ఎక్కడి సికింద్రాబాద్! రెండు చోట్లా పని మొదలైంది మాత్రం జ్వరంతో ఉన్న మనిషి దగ్గరే.

1892లో ఆస్లర్ రాసిన వైద్యగ్రంథం వెలువడింది. దశాబ్దాల తరబడి ఇంగ్లీషు చదివే వైద్య విద్యార్థులకు అదే ప్రధాన పుస్తకం. ఏ రోగానికి మందు ఉందో, దేనికి లేదో ఆయన దాచకుండా రాశారు. 1897లో ఆ పుస్తకం చదివిన ఫ్రెడరిక్ గేట్స్ అనే పెద్దమనిషి, నయం చేయగల రోగాలు ఇంత తక్కువా అని విస్తుపోయారు. ఆయన ధనవంతుడైన రాక్‌ఫెల్లర్‌కు సలహాదారు. దాని ఫలితంగా 1901లో న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ వైద్య పరిశోధన సంస్థ ఏర్పడింది. తమకు తెలియని దానిని తెలియదని ఒప్పుకోవడం వల్ల కలిగిన మేలు ఇది.

1892లోనే ఆయన గ్రేస్ రెవెర్‌ను వివాహమాడారు. ఆ దంపతుల ఇల్లు శిష్యులకు పుట్టిల్లు అయింది. శనివారం సాయంత్రాలు విద్యార్థులు వారి ఇంటికి వెళ్లి బల్ల చుట్టూ కూర్చుని, ఆ వారం చూసిన రోగుల గురించి, పాత వైద్య గ్రంథాల గురించి మాట్లాడుకునేవారు. పక్క ఇంటిలో ఉండే యువ వైద్యులకు ఆస్లర్ తన ఇంటి తాళంచెవులే ఇచ్చారు. ఎప్పుడైనా వచ్చి ఆయన పుస్తకాలు చదువుకోవచ్చు. ఆ తాళంచెవి అందుకున్నవారిలో తరువాత మెదడు శస్త్రచికిత్సలో ప్రపంచ ప్రసిద్ధుడైన హార్వే కుషింగ్ ఒకరు.

బీమారిస్తాన్ల సంప్రదాయం

రోగి దగ్గరే శిష్యుడికి చదువు చెప్పడం ఆస్లర్‌తోనే లోకంలో మొదలు కాలేదు. పదో శతాబ్దం నాటి మహా వైద్యుడు అర్రాజీ రయ్ నగరంలోను, బాగ్దాద్‌లోను బీమారిస్తాన్లకు అధిపతిగా ఉన్నారు. ఆయన చుట్టూ శిష్యులు వరుసలుగా కూర్చునేవారని ఇబ్నె నదీమ్ తన గ్రంథంలో నమోదు చేశారు. వచ్చిన రోగి తన బాధను మొదట బయటి వరుసలోని చిన్నవారికి చెప్పుకునేవాడు. వారికి తెలిస్తే సరి, లేకపోతే లోపలి వరుసలోని సీనియర్ల దగ్గరకు వెళ్లేవాడు. వారికీ అంతుపట్టకపోతే అప్పుడు అర్రాజీ స్వయంగా మాట్లాడేవారు. ముందు ఇంటర్న్, తరువాత రెసిడెంట్, చివరికి ప్రొఫెసర్ అనే నేటి క్రమం దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

ఆస్లర్ ఈ వారసత్వాన్ని గౌరవించారు. 1913లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో వైద్య చరిత్ర గురించి ప్రసంగించినప్పుడు అరబ్బు వైద్యులకు తగిన స్థానం ఇచ్చారు. ఇబ్నె సీనా రాసిన అల్ ఖానూన్ ఎన్ని శతాబ్దాలు యూరప్‌కు పాఠ్యగ్రంథంగా నిలిచిందో వివరించారు. హమదాన్‌లోని ఇబ్నె సీనా సమాధిని బాగుచేయించాలన్న విషయంలో కూడా ఆయన ఆసక్తి చూపారు.

మచ్చలు

గొప్పవారి జీవితం చెప్పేటప్పుడు మచ్చలను కప్పిపుచ్చడం మాకు ఇష్టం లేదు. 1905లో బాల్టిమోర్ విడిచే ముందు ఇచ్చిన ప్రసంగంలో, మనిషి చేసే గొప్ప పనులు నలభై ఏళ్లలోపే జరుగుతాయని, అరవై దాటినవారు తప్పుకోవడం మంచిదని ఆస్లర్ అన్నారు. అంతటితో ఆగక, ఒక నవలను ప్రస్తావిస్తూ క్లోరోఫాం గురించి పరిహాసమాడారు. పత్రికలు దానిని నిజంగా చెప్పిన మాటగా అచ్చువేశాయి. దేశమంతటా వృద్ధుల మనసులు నొచ్చుకున్నాయి. పరిహాసమే అయినా పెద్దల విషయంలో అది తగనిది.

ఇంతకంటే పెద్ద మచ్చ మరొకటి ఉంది. 1914 మే నెలలో కొమగాటా మారు అనే ఓడ 376 మంది భారతీయులతో కెనడాలోని వాంకోవర్ రేవుకు చేరింది. వారిలో అత్యధికులు సిక్కులు, 24 మంది ముస్లింలు, 12 మంది హిందువులు. కెనడా ప్రభుత్వం వారిలో చాలామందిని ఒడ్డున కాలు పెట్టనివ్వక రెండు నెలల తరువాత ఓడను వెనక్కు పంపింది. ఆ సంవత్సరంలోనే లండన్‌లో మాట్లాడుతూ ఆస్లర్, కెనడా తెల్లవారి దేశంగానే ఉండాలన్న వైఖరిని సమర్థించారు. ఆయన పెంచిన జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల కూడా నల్లజాతి విద్యార్థులకు 1960లలో గాని తలుపులు తెరవలేదు. పేద నల్లజాతి రోగులు మాత్రం మొదటి నుంచీ దాని వార్డులలో ఉన్నారు. వారి శరీరాల మీద తెల్లవారి పిల్లలు వైద్యం నేర్చుకున్నారు.

తాను పరాయి దేశాల వార్డు గడపలు ఎక్కి నేర్చుకున్న మనిషి, మరొకరికి ఆ గడప అందకూడదన్న మాట అనడం విచారకరం. అయినా ఆయన కట్టిన పద్ధతి ఆయన సంకుచితత్వం కంటే పెద్దదయింది. ఆయన ఊహించని దేశాల పిల్లలు, ఆయన ఊహించని రంగుల పిల్లలు ఈనాడు అవే వార్డులలో రెసిడెంట్లుగా ఉన్నారు. మంచి పద్ధతిని స్వీకరించడానికి, దానిని పెట్టిన మనిషి తప్పులను క్షమించనవసరం లేదు, మరచిపోనవసరం లేదు.

చివరి రోజులు

1905లో ఆస్లర్ ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రీజియస్ ప్రొఫెసర్ అయ్యారు. 1911లో ఆయనకు బారనెట్ బిరుదు లభించింది. ఆక్స్‌ఫర్డ్‌లోని వారి ఇంట్లో అతిథులు లేని రోజు అరుదు. అమెరికా, కెనడాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఆ ఇల్లు సొంత ఇల్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, శత్రువుల దాడికి గురైన ఓడలో గాయపడిన వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే యువ విద్యార్థి కోలుకున్నది ఆ ఇంట్లోనే. ఆ యువకుడే తరువాత మాంట్రియల్‌లో మెదడు వైద్యానికి గొప్ప సంస్థను నిర్మించాడు.

ఆస్లర్ దంపతుల మొదటి బిడ్డ పసికందుగానే పోయింది. మిగిలింది రెవెర్ అనే ఒక్కగానొక్క కొడుకు. యుద్ధంలో సైనికాధికారిగా ఉన్న ఆ యువకుడు 1917 ఆగస్టులో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర తీవ్రంగా గాయపడ్డాడు. సమీపంలోని సైనిక ఆసుపత్రులలో పనిచేస్తున్న అమెరికన్ సర్జన్లు పరుగున వచ్చారు. వారిలో తాళంచెవి అందుకున్న ఆనాటి యువకుడు కుషింగ్ కూడా ఉన్నారు. చేయగలిగినదంతా చేశారు. ఫలితం లేకపోయింది. ఆగస్టు 30న రెవెర్ కన్నుమూశాడు. తండ్రి ఇంటిలో చదువుకుని ఎదిగిన వైద్యుడు కొడుకు చివరి క్షణాలలో మంచం పక్కన ఉన్నాడు. అంతటి దుఃఖంలో ఆ తల్లిదండ్రులకు దక్కిన ఊరట అదొక్కటే.

ఆస్లర్ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు. అయినా ఇంటికి వచ్చే విద్యార్థులను నవ్వుతూనే పలకరించేవారు. 1919 డిసెంబరు 29న ఊపిరితిత్తుల జబ్బుతో తన 70వ ఏట మరణించారు. ఆయన సేకరించిన ఎనిమిది వేలకు పైగా పుస్తకాలు మెగిల్ విశ్వవిద్యాలయానికి చేరాయి. 1929లో అక్కడ ఆయన పేరిట గ్రంథాలయం తెరిచారు. కుషింగ్ తన గురువు జీవిత చరిత్రను రెండు సంపుటాలుగా రాసి 1926లో పులిట్జర్ బహుమతి పొందారు.

మన పిల్లలకు

1952 నుంచి అమెరికాలో రెసిడెన్సీ సీట్లను దేశవ్యాప్తమైన మ్యాచ్ పద్ధతిలో నింపుతున్నారు. 2003లో రెసిడెంట్ల పనిగంటలను వారానికి 80కి పరిమితం చేశారు. రాత్రింబవళ్లు ఆసుపత్రిలోనే బతకాలన్న ఆస్లర్ కాలపు కాఠిన్యం అలా కొంత తగ్గింది. 2022 జనవరి నుంచి అక్కడి మొదటి లైసెన్సు పరీక్షకు మార్కులు తీసివేసి, ఉత్తీర్ణత మాత్రమే ప్రకటిస్తున్నారు. అందువల్ల వార్డులో దగ్గరగా చూసిన డాక్టరు ఇచ్చే సిఫారసు లేఖ విలువ ఇంకా పెరిగింది.

ఈ అవసరాన్ని ఆసరా చేసుకుని డబ్బు గుంజే దళారులు కూడా పుట్టుకువచ్చారు. అందుకే తల్లిదండ్రులు ఒక తేడా తెలుసుకోవాలి. చదువు పూర్తికాని విద్యార్థికి దొరికే క్లినికల్ ఎలెక్టివ్‌లో పర్యవేక్షణ కింద రోగిని ప్రశ్నించి, పరీక్షించి, కేసు చెప్పే అవకాశం ఉంటుంది. పట్టా చేతికి వచ్చాక దొరికే అబ్జర్వర్‌షిప్‌లో సాధారణంగా నిలబడి చూడడమే తప్ప రోగిని తాకనివ్వరు. రెండింటినీ రొటేషన్ అనే ఒకే పేరుతో అమ్మేవారు ఉన్నారు. లక్షలు కట్టేముందు అడగవలసిన ప్రశ్న ఆస్లర్ మనకు నేర్పారు. మా బిడ్డ అక్కడ ప్రేక్షకుడా, పనివాడా? అతనికి అప్పగించే రోగులు ఉన్నారా? అతను చెప్పింది విని సరిదిద్దే పెద్ద డాక్టరు ఉన్నారా? ఈ ప్రశ్నలకు సూటి జవాబు రాకపోతే ఆ సొమ్ము ఇంట్లోనే ఉంచుకోవడం మేలు. వీలైన ఎలెక్టివ్‌లకు చదువు ముగియకముందే దరఖాస్తు చేయాలి. ఆ సమయం దాటితే ఆ తలుపు చాలావరకు మూసుకుపోతుంది.

అమెరికా వెళ్లలేని విద్యార్థులు కూడా నిరాశపడనక్కరలేదు. రోగులతో కిటకిటలాడే మన ఉస్మానియా, గాంధీ, కింగ్ జార్జ్ ఆసుపత్రుల వార్డులలో నేర్చుకోవలసినది అపారంగా ఉంది. రోగి పేరు తెలుసుకుని, అతని కథ ఓపికగా విని, చేతితో పరీక్షించి, చూసినది ఉన్నదున్నట్టు రాసుకునే విద్యార్థికి ఏ వార్డయినా ఆస్లర్ వార్డే. ఆ అలవాటు ఇక్కడ చేసుకున్నవాడు రేపు ఏ దేశపు ఆసుపత్రికి అతిథిగా వెళ్లినా నాలుగు వారాలలో తానేమిటో చూపించగలడు. ఇక్కడ రోగిని పట్టించుకోనివాడికి అక్కడి నాలుగు వారాలు ఏమీ నేర్పలేవు.